చంపొద్దు... తిననివ్వండి!

స్ప్రే కొట్టేకొద్దీ చీమలు ఎందుకు పెరుగుతాయి? ఆవగింజంత జెల్ చుక్క అదే చీమల్ని ఎలా ఖాళీ చేయిస్తుంది?

రాత్రి రెండున్నర. అక్క అరుపుకి ఇంటిల్లిపాదీ లేచాం.

పాప పుట్టి అప్పటికి తొమ్మిది రోజులు. బొడ్డు ఇంకా ఊడలేదు. పాలు తాగి ఊయలలో పడుకున్న పిల్ల మెడ మడతలో, పాలు కారి తడిసిన చోట ఏదో కదులుతోంది. ఫోన్ టార్చ్ వేసి చూస్తే చీమలు. ఒక్కోటీ నువ్వుగింజంత కూడా లేదు. లేత పసుపు రంగు. కళ్ళు చికిలించి చూస్తే తప్ప కనపడవు. ఊయల స్టాండు కాలి మీదుగా పైకి ఒక వరస సాగుతోంది. అందులోంచి నాలుగైదు బొడ్డు వైపు బయల్దేరాయి.

కుట్టలేదు, కరవలేదు. అయినా అక్క ఆ రాత్రంతా పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఉంది.

ఏడు చేపల కథ మనందరం విన్నదే. ఒక్కొక్కళ్ళనీ అడుగుతూ పోతే చివరికి దొరికేది చీమే. పాపం, ఆ చీమకి న్యాయమైన కారణం ఉంది. పిల్లాడే వెళ్ళి దాని పుట్టలో వేలు పెట్టాడు. మా పాప ఎక్కడా వేలు పెట్టలేదు. పెడదామన్నా పుట్ట ఎక్కడుందో మాకే తెలీదు. నాలుగో అంతస్తులో ఫ్లాట్. మట్టి అనేది చూడాలంటే బాల్కనీలో తులసి కుండీ ఒక్కటే దిక్కు.

మర్నాడు మేం చేసిన పని మీరూ ఎప్పుడో ఒకప్పుడు చేసే ఉంటారు. అక్కనీ పాపనీ పక్క ఫ్లాట్‌కి పంపించి, వంటింటి గట్టు నుంచి బెడ్‌రూమ్ గుమ్మం దాకా స్ప్రే కొట్టేశా. అమ్మ చీమల సుద్దముక్క తీసుకుని గడపలన్నిటికీ గీతలు గీసింది. చాలదన్నట్టు మూలల్లో పసుపు చల్లింది. "మా రోజుల్లో గమాక్సిన్ ఉండేదిరా, ఒక్క గుప్పెడు చల్లితే చాలు" అని నిట్టూర్చింది కూడా.

(ఆ గమాక్సిన్ సంగతి తర్వాత చూశాను. అది బీహెచ్‌సీ అనే మందు. ఒంట్లోని కొవ్వులో పేరుకుపోయే రకం. మన దేశంలో 1997లోనే నిషేధించారు. అదే కుటుంబానికి చెందిన లిండేన్ వాడకానికి 2013లో తెరపడింది. దాన్ని మన అమ్మమ్మలు బియ్యం డబ్బాల చుట్టూ చేత్తో చల్లేవాళ్ళు!)

సాయంత్రానికి ఇంట్లో ఒక్క చీమ లేదు. గెలిచేశాం అనుకున్నాం.

పది రోజులు తిరక్కుండానే బాత్రూమ్ కుళాయి దగ్గర ఒక వరస. హాల్లో స్విచ్‌బోర్డు అంచు నుంచి ఇంకోటి. ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతలో కొన్ని. అక్క మందుల డబ్బాలో కొన్ని. నా లాప్‌టాప్ కీబోర్డులోంచి కూడా ఒకటి తాపీగా బయటికొచ్చి నన్ను చూసి మళ్ళీ లోపలికెళ్ళింది. ఒక వరస ఉన్న ఇంట్లో ఇప్పుడు నాలుగు వరసలు!

వేరు కాపురాలు పెట్టించింది మేమే

మా ఇంట్లో తిరిగే ఆ పసుపు చీమ పేరు ఫారో చీమ. 1758లో లిన్నేయస్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఈజిప్టు ఫారోల కాలంలో వచ్చిన పీడల్లో ఇదీ ఒకటని పొరబడి ఆ పేరు పెట్టారంటారు. రెండు మిల్లీమీటర్ల ఈ ప్రాణి ఇప్పుడు ప్రపంచమంతటా ఉంది. వెచ్చగా ఉండే బిల్డింగ్ అంటే దానికి మహా ఇష్టం. గోడ పగులు, స్విచ్‌బోర్డు వెనక ఖాళీ, టైల్ కింద సందు, మడతపెట్టిన పాత దుప్పటి... ఏదైనా దానికి ఇల్లే.

చాలా రకాల చీమల్లో పుట్టకి ఒకే రాణి. ఫారో చీమలకి అలా కాదు, ఒక గూట్లో పదుల్లో, వందల్లో రాణులుండొచ్చు. పైగా కొత్త గూడు పెట్టడానికి వీటికి రెక్కలతో ఎగిరి వెళ్ళే తతంగం కూడా లేదు. గూటికి ప్రమాదం అనిపిస్తే కొన్ని పనిచీమలు కాసిని గుడ్లనీ పిల్లల్నీ నోట కరుచుకుని పక్క సందులోకి నడిచిపోతాయి. వెంట రాణి వస్తే సరే, రాకపోయినా ఫర్వాలేదు. తెచ్చుకున్న పిల్లల్లోంచే కొత్త రాణిని పెంచుకోగలవు. శాస్త్రవేత్తలు దీన్ని మొగ్గ తొడగడంతో పోలుస్తారు. మన భాషలో చెప్పాలంటే వేరు కాపురం.

అంటే నేను కొట్టిన స్ప్రే కంటికి కనిపించిన వందో రెండొందలో చీమల్ని చంపి, కనిపించని గూటిని బెదరగొట్టింది. బెదిరిన గూడు నాలుగు కాపురాలైంది.

ఇంకో సంగతి తెలిశాక నా మీద నాకే నవ్వొచ్చింది. చీమల్లో చిన్నవయసువి గూట్లోనే ఉండి పిల్లల్ని సాకుతాయి. తిండి కోసం బయటికొచ్చేవి వయసు మళ్ళినవి. మనం గట్టు మీద స్ప్రే కొట్టి చంపేది దాదాపుగా ఆ ముసలివాళ్ళనే. గూటికి అదో పెద్ద నష్టమే కాదు. రేపటికల్లా ఇంకో బ్యాచ్ డ్యూటీ ఎక్కుతుంది.

"తిననియ్యుండ్రి అన్నా"

చివరికి పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలిచాం. మొదట ఒకాయన వచ్చి, ఏ చీమ అని కూడా చూడకుండా ఇల్లంతా మందు కొడతానన్నాడు. పసిపిల్ల ఉందంటే "రెండు గంటలు బయటికెళ్ళండి చాలు" అన్నాడు. వద్దని పంపించేశాం. రెండో అతను పాతికేళ్ళ కుర్రాడు. వస్తూనే ఫోన్ కెమెరాతో చీమని జూమ్ చేసి చూశాడు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: "స్ప్రే ఎప్పుడు కొట్టిండ్రు అన్నా?"

మొన్నే అన్నా. తల పట్టుకున్నాడు.

ఆ రోజు అతను మందు పెట్టలేదు. స్ప్రే కొట్టిన చోట్లు, సుద్ద గీతలు అన్నీ సబ్బునీళ్ళతో కడిగేసి రెండు రోజులాగి పిలవమన్నాడు. స్ప్రేల్లో, సుద్దముక్కల్లో ఎక్కువగా ఉండేది డెల్టామెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్ మందులు. వాటి వాసన తగిలితే చీమ దారి మార్చుకుంటుంది. పక్కనే పరమాన్నం పెట్టినా అటు రాదు. ఇక జెల్ ఏం తింటుంది?

రెండోసారి వచ్చినప్పుడు ఇంకో చిత్రం చేశాడు. పెళ్ళికార్డు ఒకటి అడిగి తీసుకుని చిన్న ముక్కలుగా కత్తిరించాడు. ఒకదాని మీద పంచదార నీళ్ళ చుక్క, ఒకదాని మీద పల్లీ చట్నీ, ఒకదాని మీద తన జెల్. మూడూ చీమల దారిలో పెట్టి "టీ ఉంటే ఇయ్యండమ్మా" అన్నాడు. టీ తాగి వచ్చేసరికి పంచదార దగ్గరా, జెల్ దగ్గరా గుంపు కట్టి ఉన్నాయి. చట్నీ దగ్గర రెండో మూడో. "ఇప్పుడు తీపి మీద ఉన్నయ్. పనైతది" అన్నాడు.

ఇది అతని సొంత తెలివి కాదు, ఈ పనిలో ఉన్నవాళ్ళు పాటించే పద్ధతే. చీమల నోటి రుచి మారుతూ ఉంటుంది. గూట్లో పిల్లలు ఎక్కువున్నప్పుడు మాంసకృత్తుల కోసం తిరుగుతాయి. మామూలప్పుడు తీపి కావాలి. ఫారో చీమలు రెండూ తింటాయి గానీ ఒకేదాన్ని ఎక్కువ రోజులు పెడితే మొహం మొత్తుతుంది. తల నల్లగా, పొట్ట పాలిపోయి తెల్లగా కనిపించే బుల్లి చీమలు మన వంటిళ్ళలో చాలా ఉంటాయి. వాటికి తీపంటే ప్రాణం. ఒక ఇంట్లో అద్భుతంగా పనిచేసిన జెల్ ఇంకో ఇంట్లో ఎండిపోయి పడి ఉండడానికి సగం కారణం ఇదే.

తర్వాత సిరంజి తీసి ఆవగింజంత చుక్కలు పెట్టుకుంటూ పోయాడు. సింకు కింద పైపు గోడలోకి వెళ్ళే చోట. కిటికీ ఫ్రేము పగులులో. గ్యాస్ స్టవ్‌కి దూరంగా, గట్టు వెనక అంచున. అక్క పెద్దకొడుక్కి మూడేళ్ళు. వాడి చెయ్యి అందే ఎత్తులో ఒక్కటీ పెట్టలేదు. స్విచ్‌బోర్డు లోపల పెట్టకుండా అంచున కార్డు ముక్క అంటించి దాని మీద పెట్టాడు. వెళ్ళేటప్పుడు ఒకటే మాట: "వాటిని ఏమనకుండ్రి అన్నా. తిననియ్యుండ్రి. తుడవద్దు, స్ప్రే ముట్టద్దు."

మూడు గంటల్లో ఇంట్లో జాతర మొదలైంది. ప్రతి చుక్క చుట్టూ పూలరేకుల్లా చీమలు. పొద్దున లేని చోట్ల కూడా వరసలు. అమ్మ కొంగు నడుముకి దోపింది. "డబ్బులిచ్చి మరీ చీమలకి సంతర్పణ పెట్టించావు కదరా!" చేతిలో తడిగుడ్డ. నేను గట్టుకి అడ్డంగా నిలబడ్డాను. నిజం చెప్పాలంటే నాకూ గుండెల్లో రాయి పడింది. లోపల గదిలో ఊయల ఉంది.

జెల్ పెట్టించుకున్న వాళ్ళలో చాలామంది ఓడిపోయేది సరిగ్గా ఆ గంటలోనే.

నిదానమే అసలు మందు

పెద్ద చీమ గట్టి పదార్థం మింగలేదు. దాని నడుము దారంలా ఉంటుంది, గొంతు సన్నం. నోట్లోనే ఒక వడపోత సంచి ఉండి నలుసుల్ని ఆపేస్తుంది. ద్రవం మాత్రమే లోపలికి పోతుంది. గట్టి తిండిని అరిగించుకునే పని గూట్లో ఉన్న పిల్లపురుగులది. జిగురుగా, తడిగా, తియ్యగా ఉండే జెల్ అందుకే.

తాగినదంతా చీమ వెంటనే అరిగించుకోదు కూడా. దానికి ముందు ఒక సంచి ఉంది. మన వాడుకలో ఉమ్మడి పొట్ట అనుకోండి. గూటికి వెళ్ళి ఎదురైన చీమ నోటికి నోరు ఆనించి అందులోది పంచుతుంది. అది ఇంకోదానికి. అలా దాదులకి, దాదుల నుంచి పిల్లలకి, రాణికి. బయటికి అడుగే పెట్టని రాణి దగ్గరికి మందు చేరాలంటే ఇదొక్కటే దారి. మనం ఎంత వెతికినా దొరకని పుట్ట చిరునామా చీమకి తెలుసు. కొరియర్ పని దానితోనే చేయించాలి.

కొరియర్ మధ్యలో చచ్చిపోతే? పార్శిల్ అందదు. అందుకే జెల్‌లో మందు తక్కువ మోతాదులో, ఆలస్యంగా పనిచేసేలా కలుపుతారు. ఈ సూత్రాన్ని బాగా తేల్చి చెప్పింది 1960లలో అమెరికా శాస్త్రవేత్తలు. అక్కడి దక్షిణాది రాష్ట్రాల్లో నిప్పు చీమలు పొలాలకి పొలాలే ఆక్రమిస్తుంటే విమానాల్లోంచి మందు చల్లి విసిగిపోయారు. చీమకి రుచించాలి, వెంటనే చంపకూడదు, ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతూ పలచబడినా పనిచెయ్యాలి. ఈ మూడూ కుదిరిన మందు కోసం వెతికి మైరెక్స్ అనేదాన్ని సోయానూనెలో కలిపి ఎరగా వాడారు. ఎర పనిచేసింది. కానీ ఆ మందు ఏళ్ళ తరబడి నేలలో, చేపల్లో ఉండిపోతోందని తేలి 1970ల చివర్లో ఆపేశారు. మందు పోయింది గానీ సూత్రం మిగిలింది. ఇవాళ్టి జెల్ దాని వారసత్వమే.

ఇప్పుడొక లెక్క. ఆన్‌లైన్‌లో మన దగ్గర తేలిగ్గా దొరికే జెల్ బొద్దింకలది. అందులో ఒక రకంలో ఇమిడాక్లోప్రిడ్ 2.15 శాతం ఉంటుంది. విదేశాల్లో చీమల కోసమే అమ్మే జెల్‌లో అదే మందు 0.03 శాతం. డెబ్భై రెట్లు తేడా! బొద్దింక జెల్ తెచ్చి చీమలకి పెట్టి "చీమలు అక్కడికక్కడే చచ్చాయి, సూపర్" అని ఫైవ్ స్టార్ ఇచ్చే రివ్యూలు చూస్తుంటాం. అక్కడికక్కడే చచ్చాయంటే గూటికి ఏమీ చేరలేదని అర్థం. వారం తర్వాత అదే మనిషి మళ్ళీ వచ్చి వన్ స్టార్ ఇస్తాడో లేదో మరి.

కొనేటప్పుడు డబ్బా మీద "చీమలు" అని స్పష్టంగా ఉందా చూడండి. రిజిస్ట్రేషన్ నంబరు, మందు పేరు, శాతం, విరుగుడు వివరాలు ఉండాలి. మన దేశంలో పురుగుమందుల లేబుల్ మీద రంగు గుర్తు తప్పనిసరి. ఎరుపు అత్యంత విషపూరితం, తర్వాత పసుపు, నీలం, చివరిది ఆకుపచ్చ. ఇవేవీ లేకుండా ఉత్త ప్లాస్టిక్ సిరంజిలో వచ్చేది ఎంత చవకైనా ఇంట్లోకి రానివ్వకండి.

క్యారమ్స్ పౌడర్ సంగతేంటి?

ఈ ఐడియా రీల్స్‌లో తెగ తిరుగుతోంది కాబట్టి చెప్పాలి. ఇందులో నిజముంది. క్యారమ్ బోర్డు మీద చల్లే పౌడర్ చాలావరకు బోరిక్ యాసిడే. మన వెలిగారానికి దగ్గరి చుట్టం. 1990లలో అమెరికాలో ఫారో చీమల మీదా, తల నల్లగా ఉండే బుల్లి చీమల మీదా చేసిన ప్రయోగాల్లో పది శాతం పంచదార నీళ్ళలో ఒక్క శాతం బోరిక్ యాసిడ్ కలిపి పెడితే బాగా పనిచేసింది. అంటే 100 మిల్లీలీటర్ల నీళ్ళు, 10 గ్రాముల పంచదార, 1 గ్రాము మందు.

రీల్స్‌లో చూపించేది అది కాదు. చెంచాడు పౌడర్, చెంచాడు పంచదార పొడి! చీమ గట్టిది మింగలేదు అన్నాం కదా. పైగా మందు మోతాదు పెరిగితే రుచి చూసి వదిలేస్తుంది, లేదా దారిలోనే పోతుంది. పలచగా, ద్రవంగా, రోజుల తరబడి అందుబాటులో ఉంటేనే ఫలితం.

మా ఇంట్లో మేం దీని జోలికి పోలేదు. గిన్నెలో పంచదార నీళ్ళంటే మూడేళ్ళవాడికి షర్బత్. వెలిగారం వంటింట్లో ఉంటుంది, చిట్కా వైద్యాల్లో వినిపిస్తుంది కాబట్టి ఏం కాదనుకుంటారు. పిల్లల కడుపులోకి పోతే అది విషమే. జెల్ అయినా అంతే. సిరంజి చూస్తే పిల్లలకి డాక్టర్ ఆట గుర్తొస్తుంది. పని కాగానే తాళం పడాలి. ఎవరైనా మింగారని అనుమానం వచ్చినా సరే, బలవంతంగా వాంతి చేయించొద్దు. ట్యూబు గానీ డబ్బా గానీ చేత పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాలి, లేదా 108కి కాల్ చెయ్యాలి. డాక్టర్‌కి కావాల్సింది ఆ లేబులే.

బాల్కనీ పూలకుండీల్లో, తులసి దగ్గర మాత్రం వద్దు. తీపికి తేనెటీగలూ వస్తాయి. ఇమిడాక్లోప్రిడ్ తేనెటీగలకి ఎంత చేటంటే, ఐరోపా సమాఖ్య 2018లో ఆరుబయట దాని వాడకాన్నే ఆపేసింది.

మళ్ళీ ఊయల దగ్గరికి

జెల్ పనిచేసే వారం పది రోజులూ పాప సంగతేంటి? అది అమ్మ తేల్చేసింది. ఊయల స్టాండు నాలుగు కాళ్ళ కిందా నాలుగు నీళ్ళ గిన్నెలు. మన ఇళ్ళలో లడ్డూల డబ్బాకి చేసే ఏర్పాటే! ఊయలని గోడకి జానెడు దూరం జరిపాం. దోమతెర నేలకి తగలకుండా పైకి చుట్టాం. పాలు కారిన గుడ్డ ఎప్పటికప్పుడు మార్చేది అక్క. ఆ గదిలో జెల్ గానీ, ఇంకే మందు గానీ వాడలేదు. పిల్లల డాక్టర్ కూడా అదే చెప్పారు: "చీమ కంటే స్ప్రే ప్రమాదం. బొడ్డు పొడిగా ఉంచండి."

బొడ్డు గురించి ఆవిడ గట్టిగా చెప్పడం ఊరికే కాదు. ఫారో చీమకి తీపితో పాటు తడి కావాలి. అది పుండు తడైనా సరే. డ్రైనేజీ దగ్గర తిరిగిన కాళ్ళతోనే కట్టు మీదికీ వస్తుంది. 1972లో బీట్సన్ అనే పరిశోధకులు బ్రిటన్ ఆసుపత్రుల్లోని ఫారో చీమలు సాల్మొనెల్లా, స్టెఫిలోకాకస్ లాంటి రోగక్రిముల్ని మోస్తున్నాయని లాన్సెట్ పత్రికలో రాశారు. అక్కడ వార్డుల్లో స్ప్రే కొట్టి చెదరగొట్టడం కంటే ఎర పెట్టడం మేలని తెలిసొచ్చింది ఈ చీమ వల్లే.

మూడో రోజుకి జాతర పలచబడింది. ఐదో రోజు ఎండిపోయిన చుక్కలు గీకేసి కొత్తవి పెట్టాడు. ఎండిన జెల్ గోడ మీద మచ్చే తప్ప మందు కాదు. ఎనిమిదో రోజు అక్కడక్కడా ఒకటీ అరా, మత్తులో ఉన్నట్టు నడుస్తూ. పన్నెండో రోజు అమ్మ పంచదార డబ్బా మూత కావాలని తీసిపెట్టి అరగంట కాపలా కూర్చుంది. ఒక్కటి రాలేదు.

ఈ పన్నెండు రోజులూ మేం చేసిన ఇంకో పని రాత్రిపూట సింకు పొడిగా తుడవడం, అన్నం గిన్నెలు మూసెయ్యడం, చెత్తబుట్ట బయటపెట్టడం. ఇంట్లో బిర్యానీ ప్లేటు తెరిచి ఉంటే చీమ జెల్ ఎందుకు తింటుంది, మీరే చెప్పండి? జెల్ చుక్క చుట్టుపక్కల మాత్రం తుడవకూడదు. ముందు నడిచిన చీమ వదిలిన వాసన దారే వెనకవాటికి గూగుల్ మ్యాప్. అది చెరిపేస్తే ఎర దాకా రాలేవు.

అన్ని చీమలకీ ఇదే వైద్యం అనుకోవద్దు. పెద్ద నల్లటి గండుచీమలు సాధారణంగా చెట్టు మొదట్లోనో, కాంపౌండ్ గోడ కిందో ఉంటాయి. ఇంట్లోకి వచ్చేది షికారుకే. వాటికి ఇంట్లో ఎర పెడితే బయటివాళ్ళని పిలిచి భోజనం పెట్టినట్టే. కిటికీకి తగిలే కొమ్మ కొట్టేసి, ఏసీ పైపు వచ్చే కంత మూసేస్తే చాలావరకు సరిపోతుంది. చెదలకైతే చీమల జెల్ అసలు పనికిరాదు, అది వేరే యుద్ధం.

మా ఫ్లాట్‌లో లేవండీ!

నెల తర్వాత బాత్రూమ్ పైపు పక్కన మళ్ళీ ఒక సన్నని పసుపు వరస. కుర్రాడికి ఫొటో పంపిస్తే వాయిస్ మెసేజ్ పెట్టాడు. "మీ ఇంటివి కావన్నా ఇవి. కింది నుంచి వస్తున్నయ్."

నిజమే. చీమకి ఫ్లాట్ నంబర్లు తెలీవు. నీటి పైపులు, కరెంటు వైర్ల గొట్టాలు అంతస్తు నుంచి అంతస్తుకి వాటికి లిఫ్టులు. ఒక్క ఫ్లాట్‌లో ఎర పెట్టి పక్క ఫ్లాట్‌లో స్ప్రే కొడితే అక్కడ చెదిరినవి ఇక్కడికి కాపురానికొస్తాయి. ఫారో చీమలైతే బిల్డింగ్ మొత్తానికి ఒకేసారి ఎర పెట్టాలి. ఇంకో మార్గం లేదు.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. వచ్చిన జవాబులు మీరు ఊహించగలరు. "మా ఫ్లాట్‌లో లేవండీ" అని ఆరుగురు. "మెయింటెనెన్స్‌లో కలపొద్దు" అని ఇద్దరు. ఒకాయన గుడ్ మార్నింగ్ పువ్వు. మూడో అంతస్తు అంకుల్ అయితే, శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు కదా, ఎందుకు హడావుడి అన్నారు. అప్పుడు అక్క, నన్నడగకుండానే, ఆ రాత్రి తీసిన ఫొటో గ్రూపులో పెట్టింది. పాప మెడ, ఆ వరస. కింద ఒక్క మాట కూడా రాయలేదు.

పది నిమిషాలు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత 302 ఆంటీ: "మా వారికి షుగర్, కాలికి కట్టు ఉంది. రాత్రుళ్ళు చీమలు పడుతున్నాయి. సిగ్గుపడి చెప్పలేదు." తర్వాత ఇంకొకరు. ఇంకొకరు. మొత్తం ఇరవై ఫ్లాట్లకి పదిహేడు ఒప్పుకున్నాయి. మిగతా మూడింటికి తాళాలు. అక్కడ మెట్ల వైపు షాఫ్టులో పైపుల దగ్గర పెట్టించాం.

జెల్ పెట్టిన ఆదివారం సాయంత్రానికే గ్రూపు మోగిపోయింది. ముందుగా మూడో అంతస్తు అంకులే. సింకు పక్కన జాతర వీడియో, కింద మెసేజ్: "బాబూ, నీ మాట వింటే చీమలు డబుల్ అయ్యాయి. స్ప్రే కొట్టేయనా?"

నేను టైప్ చేసేలోపే అమ్మ నా ఫోన్ లాక్కుని వాయిస్ మెసేజ్ పెట్టేసింది.

"అన్నయ్యగారూ, ఆ డబ్బా కింద పెట్టండి. వాటిని తిననివ్వండి."